మొక్కకు ఓపిక, మోసానికి తొందర

మన బ్యాంకు సిబ్బందిలో మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. భోజన విరామంలో వడ్డీ రేట్ల కన్నా ఎడీనియం అంట్ల గురించే ఎక్కువ మాట్లాడుకునే శాఖల్లో నేను పనిచేశాను. నేనూ ఆ బాపతే. మా మిద్దె మీద డెబ్బైకి పైగా కుండీలున్నాయి. వాటిలో సగం నర్సరీకి వెళ్లి తెచ్చినవి కావు. ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో పరిచయమైన తోటి పెంపకందారుల దగ్గర కొన్నవో, ఒక కొమ్మ ఇచ్చి మరో కొమ్మ పుచ్చుకున్నవో. ఈ గ్రూపుల వల్ల నాకు దొరికిన స్నేహాలు, నేర్చుకున్న విద్య చాలా ఉన్నాయి. ఇవే గ్రూపుల్లో డబ్బు పోగొట్టుకుని మన కౌంటరు దగ్గరకు వచ్చిన ఖాతాదారులనూ చూశాను. మొక్కలు పెంచేవాడిగా, బ్యాంకు ఉద్యోగిగా రెండు వైపుల నుంచీ నాకు అర్థమైనది మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఈ బజారు ఎలా నడుస్తుంది

కేరళలో ఒక ఇల్లాలు తన పెరటి తొట్టెల్లోని తామర దుంపలు అమ్ముతుంది. కాలింపాంగ్ నుంచి ఒకరు కాక్టస్‌లు పంపుతారు. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక నర్సరీల మొక్కలు దేశమంతా వెళ్తాయి. అమ్మేవారు గ్రూపులో ఫోటో, ధర పెడతారు. కొనేవారు "నాకు ఒకటి" అని రాస్తారు. డబ్బు ముందే యూపీఐలో వెళ్తుంది. మొక్కను కుండీలోంచి తీసి, వేళ్లకు తడి కొబ్బరి పీచు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి స్పీడ్ పోస్టులోనో, ప్రైవేటు కొరియర్‌లోనో, ఆర్టీసీ కార్గోలోనో పంపుతారు.

పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో కొన్నప్పుడు వస్తువు రాకపోతే అడగడానికి మధ్యలో ఒక సంస్థ ఉంటుంది. ఇక్కడ అది లేదు. డబ్బు ఒక వ్యక్తి ఖాతా నుంచి మరో వ్యక్తి ఖాతాకు నేరుగా పోతుంది. మధ్యలో ఉన్నది నమ్మకం ఒక్కటే. ఎక్కువ మంది ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుంటారు కనుకే ఈ బజారు నడుస్తోంది. నిలబెట్టుకోని కొద్దిమంది గురించే మన జాగ్రత్త.

మోసగాడికి మొక్కే ఎందుకు?

ఫోను కొన్నవాడు నాలుగు రోజులు ఆలస్యమైతే నిలదీస్తాడు. మొక్క కొన్నవాడు నిలదీయడు. "ఇక్కడ వాన పడుతోంది, ఇప్పుడు పంపితే కుళ్లిపోతుంది" అంటే సరే అంటాడు. "ఎండలు మండుతున్నాయి, వచ్చే వారం పంపుతాను" అన్నా సరే. "కొత్త వేరు ఇంకా గట్టిపడలేదు" అంటే ఎంత జాగ్రత్తపరుడో అని సంతోషిస్తాడు కూడా. ఇవన్నీ నిజాయితీ గల అమ్మకందారులు నిజంగానే చెప్పే కారణాలు. అందుకే అబద్ధం చెప్పేవాడికి కొత్తగా కథ అల్లాల్సిన పని లేదు.

మా శాఖకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ని "మాస్టారూ, డబ్బు పంపి ఎన్ని రోజులైంది?" అని అడిగాను. "ఇరవై మూడు రోజులండీ. మధ్యలో వాళ్లమ్మగారికి బాగోలేదట. అలాంటప్పుడు అడగడం బాగుండదని ఊరుకున్నాను" అన్నారు. పంపింది 6,500 రూపాయలు. అవతలి నంబరు అప్పటికి పనిచేయడం లేదు. ఆయన మర్యాదే ఆయనకు నష్టం తెచ్చింది. మొక్కలు పెంచేవారికి ఓపిక మంచి గుణం. మోసగాడు అమ్ముకునేది సరిగ్గా ఆ ఓపికనే. బ్యాంకింగ్ పరంగా చూస్తే ఈ ఆలస్యమే అసలు ప్రమాదం. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మోసాల రకాలు చూద్దాం.

లేని మొక్కలు

మొదటి రకంలో అమ్మే మొక్క ప్రపంచంలోనే ఉండదు. నీలి గులాబీ విత్తనాలు, ఏడు రంగుల గులాబీ విత్తనాలు ఇలాంటివే. గులాబీ రేకుల్లో నీలి రంగునిచ్చే వర్ణకం సహజంగా లేదు. జపాన్‌కు చెందిన సంటోరీ సంస్థ జన్యు మార్పిడితో ఏళ్ల తరబడి శ్రమించి 2009లో అమ్మకానికి తెచ్చిన "నీలి" గులాబీ కూడా చూడటానికి లేత ఊదా రంగులోనే ఉంటుంది. పైగా మేలురకం గులాబీలను అంటుకట్టి పెంచుతారు. విత్తనం వేస్తే తల్లి మొక్క పువ్వే పూస్తుందన్న భరోసా లేదు. కాబట్టి యాభై రూపాయలకు నీలి గులాబీ విత్తనాలు ఇస్తామన్నవాడు చెప్పేది అబద్ధమని ఆలోచించకుండానే చెప్పవచ్చు.

రెండో రకంలో మొక్క ఉంటుంది, చెప్పే గొప్ప ఉండదు. "లక్షల ఖరీదు చేసే మియాజాకి మామిడి అంటు" అని వేలకు వేలు తీసుకుంటారు. మియాజాకి జపాన్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడ పేరుపడ్డ మామిడి అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టిన ఇర్విన్ రకం. పండు కనీసం 350 గ్రాములు తూగి, తీపి కొలతలో 15 డిగ్రీలకు తగ్గకుండా, చక్కటి ఎరుపు తేలితేనే దాన్ని "తైయో నో తమాగో" అనే పేరుతో అమ్ముతారు. ఆ ధర రకానిది కాదు, ఆ పెంపకానిది, ఆ వడపోతది. మన పెరట్లో నాటిన అంటు ఆ ధర తెచ్చిపెట్టదు. అలాగే మెరిసే గులాబీ రంగు ఆకులతో వచ్చిన ఒక ఫిలోడెండ్రాన్ కొన్ని నెలలకు మామూలు పచ్చ రంగుకు తిరిగిన అనుభవం దేశదేశాల పెంపకందారులకు ఉంది. ఆ రంగు మొక్క స్వభావం కాదు, రసాయనంతో తెప్పించినది.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట" అన్న సామెత ఇలాంటి విత్తనాలకు అతికినట్టు సరిపోతుంది. అరుదైన పేరు విన్నప్పుడు కొనేముందు ఒక ఉద్యాన అధికారినో, అనుభవం ఉన్న పెంపకందారునో అడిగితే చాలు.

ఉన్న మొక్క, లేని అమ్మకందారు

ఇంకో రకంలో మొక్క నిజం, అమ్మేవాడే అబద్ధం. వేరొకరి ఫోటోలు తీసుకుని తనవిగా పెడతాడు. ఇంకా తెలివైనవాడు గ్రూపులో మంచి పేరున్న అమ్మకందారు పేరు, బొమ్మ పెట్టుకుని కొత్త ఖాతా తెరిచి, "ఆ మొక్క నా దగ్గరే ఉంది" అని కొనేవారికి విడిగా సందేశం పంపుతాడు. ఇలా మరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కింద నేరం.

మరికొందరు ముందు రెండు మూడు చిన్న మొక్కలు చక్కగా పంపుతారు. గ్రూపులో అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత "థాయ్‌లాండ్ నుంచి తెప్పిస్తున్నాం, ముందస్తు బుకింగ్" అంటూ ముప్పై మంది దగ్గర ఒకేసారి వసూలు చేసి మాయమవుతారు. విదేశాల నుంచి మొక్కలు తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఆ కాగితాలు అడగండి. చూపలేనివారికి బయానా ఇవ్వకండి.

అమ్మేవాళ్లకూ వల

మోసపోయేది కొనేవాళ్లే కాదు. డబ్బు పంపినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ పెట్టి "త్వరగా పార్శిల్ చేయండి" అని తొందరపెడతారు. 400కు బదులు 4,000 పంపామంటూ "పొరపాటున ఎక్కువ వెళ్లింది, 3,600 తిరిగి వేయండి" అంటారు. "ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీకే డబ్బు పడుతుంది" అంటారు.

మనకు తెలిసిన విషయమే అయినా ఖాతాదారులకు పదే పదే చెప్పాల్సింది ఇది: డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. పిన్ నొక్కామంటే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. వ్యక్తుల మధ్య "డబ్బు పంపండి" అని అడిగే కలెక్ట్ రిక్వెస్ట్ సదుపాయాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది. దాంతో ఒక దారి మూసుకుంది. స్క్రీన్‌షాట్ మాత్రం ఎవరైనా తయారు చేయవచ్చు. ఖాతాలో జమ చూసుకున్నాకే పెట్టెకు టేపు వేయాలి.

ఇద్దరూ మంచివాళ్లే, మధ్యలో దొంగ

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసిన మోసం ఇది. ఊళ్లో ఇంటి దగ్గరే ఎడీనియాలు పెంచి అమ్ముకునే ఒక మహిళ మా శాఖ ఖాతాదారు. ఆమె ఖాతాలో 2,800 రూపాయలు హోల్డులో పడ్డాయి. వేరే రాష్ట్రంలో ఎవరో ఆమెపై సైబర్ ఫిర్యాదు ఇచ్చారు. "నేనెవర్నీ మోసం చేయలేదు సార్, మొక్కలు పంపాను" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే.

జరిగిందేమిటంటే, మోసగాడు ఆమె ఫోటోలను మరో గ్రూపులో తనవిగా పెట్టాడు. ఒకాయన కొంటానన్నాడు. అదే సమయంలో మోసగాడు ఈమె దగ్గర అవే మొక్కలు తన చిరునామాకు ఆర్డరు చేసి, ఆమె పంపిన క్యూఆర్‌ను ఆయనకు పంపాడు. ఆయన డబ్బు ఈమె ఖాతాలో పడింది. ఈమె మొక్కలు మోసగాడికి చేరాయి. ఆయనకు ఏమీ అందలేదు. ఆయన ఫిర్యాదులో నిలిచింది ఈమె పేరు. మోసగాడి పేరు ఏ లావాదేవీలోనూ లేదు.

ఆమెను కాపాడింది ఒక నోటు పుస్తకం. తేదీ, మొక్క, ఎవరికి, ఏ చిరునామాకు, ఎంత అని ప్రతి అమ్మకం రాసుకుంది. కొరియర్ రసీదులు పిన్ను చేసి పెట్టుకుంది. చాటింగ్ చెరపలేదు. వాటి నకళ్లన్నీ జతచేసి దర్యాప్తు అధికారికి రాయించాం. సమయం పట్టింది కానీ హోల్డు తొలగింది.

ఈ ఉదంతం నుంచి అమ్మేవారికి ఒక పాఠం: డబ్బు పంపిన వ్యక్తి పేరు, పార్శిల్ అందుకునే వ్యక్తి పేరు వేరుగా ఉంటే ఆగండి. కారణం అడగండి, డబ్బు పంపినవారితో మాట్లాడాకే పంపండి. కొనేవారికీ ఒక పాఠం: యూపీఐలో కనిపించే పేరు సరైనదైనంత మాత్రాన మీతో మాట్లాడుతున్నది ఆ మనిషే కాకపోవచ్చు.

పిన్ నొక్కే ముందు

నేను పాటించే పద్ధతులు ఇవి. గ్రూపులో కొత్తగా చేరినవారికి కూడా ఇవే చెబుతాను.

ఒకటి, మొక్క పక్కన చీటీ మీద ఈ రోజు తేదీ, నా పేరు రాసి చిన్న వీడియో పంపమంటాను. నిజంగా మొక్క ఉన్నవారికి అది రెండు నిమిషాల పని. ఫోటో మీద అనుమానం ఉంటే గూగుల్ లెన్స్‌లో వెతుకుతాను. అదే బొమ్మ పది చోట్ల కనిపిస్తే విషయం తేలిపోతుంది.

రెండు, విడిగా వచ్చిన సందేశానికి జవాబుగా డబ్బు పంపను. గ్రూపులో పాత పోస్టుల్లో ఉన్న అసలు ఖాతాకు నేనే సందేశం పెట్టి, వీడియో కాల్‌లో ఒక్కసారి మాట్లాడతాను.

మూడు, 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపే ముందు బ్యాంకు రికార్డుల్లోని పేరునే చూపించాలి. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలోనూ లబ్ధిదారు పేరు సరిచూసుకునే వీలుంది. ఆ పేరు అమ్మేవారి పేరుతో కలవకపోతే "మా బావమరిది ఖాతా" అన్న జవాబుతో సరిపెట్టుకోను.

నాలుగు, మొదటిసారి కొంటున్నప్పుడు పోయినా బాధపడని మొత్తానికే కొంటాను.

ఐదు, అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బు పంపేముందే రాతపూర్వకంగా గడువు పెట్టుకుంటాను. "ఫలానా తేదీలోగా పార్శిల్ నంబరు ఇవ్వాలి, లేకపోతే మర్నాడు డబ్బు వెనక్కి వేయాలి." దీనికి మంచి అమ్మకందారు ఎవరూ నొచ్చుకోలేదు. పార్శిల్ నంబరు వచ్చాక దాన్ని ఆ సంస్థ వెబ్‌సైటులో నేనే చూస్తాను. స్పీడ్ పోస్టు నంబరు 13 అక్షరాంకెలుంటుంది: మొదట రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. పాత రసీదు ఫోటో పంపేవారు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే ట్రాకింగ్‌లో తేదీ, ఊరు కనిపిస్తాయి.

గడువు దాటితే

ఇప్పుడు ఆలస్యం ఎందుకు ప్రమాదమో చూద్దాం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ గురించి మన అందరికీ తెలుసు. ఖాతాదారు ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా, బయటివారి వల్ల జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఆయన బాధ్యత సున్నా. కానీ మొక్క కోసం డబ్బు పంపినప్పుడు పిన్ నొక్కింది ఖాతాదారే. మోసపోయి నొక్కినా అది ఆయన అధికారంతో జరిగిన లావాదేవీయే. ఆ సర్క్యులర్ రక్షణ దీనికి వర్తించదు. చాలామంది ఖాతాదారులకు ఈ తేడా తెలియక "బ్యాంకు ఇస్తుందిలే" అనుకుంటారు.

వారికి మిగిలిన దారి 1930. కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే వ్యవస్థ ఇది. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఆ ఖాతాలో మిగిలి ఉన్న సొమ్మును ఆ బ్యాంకు హోల్డు చేస్తుంది. అక్కడి నుంచి మరో ఖాతాకు పోయి ఉంటే జాడ అక్కడికి వెళ్తుంది. ఏటీఎంలో తీసేసి ఉంటే జాడ అక్కడితో ఆగిపోతుంది. అంటే మిగిలి ఉన్నదే దొరుకుతుంది. గంటల్లో ఫిర్యాదు చేస్తే ఆశ ఉంటుంది. ఇరవై మూడో రోజున చేస్తే నేరస్థుణ్ని పట్టుకోవడానికి ఉపయోగపడుతుందేమో గానీ డబ్బు మీద ఆశ తక్కువ.

1930కి ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోవాలి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. చాటింగ్, ఫోటోలు, ప్రొఫైల్ లింకు భద్రపరచాలి. 500 రూపాయలేగా అని వదిలేయకూడదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసాన్ని నేరంగా చెబుతుంది, మొత్తం ఎంతో చూడదు. వంద మంది దగ్గర 500 చొప్పున తీసుకునేవాడు బతికేది వంద మందీ ఊరుకోవడం వల్లే.

చాలామంది చేసే పని ముందు గ్రూపులో "మోసపోయాను" అని పోస్టు పెట్టడం. అది చూసిన మోసగాడు ముందుగా ఖాతా ఖాళీ చేస్తాడు. కాబట్టి ముందు 1930, ఆ తర్వాత గ్రూపు అడ్మిన్, ఆ తర్వాతే గ్రూపు. పోస్టులోనూ జరిగినది రాయాలి గానీ, ఎవరిదో ఫోటో, ఇంటి చిరునామా పెట్టకూడదు. ఇందాక చెప్పిన ఎడీనియాల మహిళ ఫోటో ఎవరైనా "దొంగ" అని పెట్టి ఉంటే ఆమె పరిస్థితి ఊహించండి. ఆ పోస్టు కింద "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, చిన్న ఫీజు కట్టండి" అని రాసేవారు రెండో విడత దొంగలు. వారికి జవాబివ్వకండి.

చచ్చిన మొక్క మోసం కాదు

న్యాయం రెండు వైపులా ఉండాలి. పార్శిల్‌లో మొక్క వాడిపోవచ్చు. ఎర్రటి పువ్వు అనుకున్నది గులాబీ రంగులో పూయవచ్చు. అమ్మేవారు ఫోను ఎత్తుతున్నారు, పార్శిల్ నిజంగా పంపారు అంటే అది వివాదం, మోసం కాదు. అలాంటిదానికి 1930కి ఫిర్యాదు చేస్తే ఒక చిన్న అమ్మకందారు ఖాతా ఇరుకున పడుతుంది. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి వరకూ వీడియో తీసి పంపితే చాలావరకు వాళ్లే మరో మొక్క పంపుతారు. వ్యాపారంగా అమ్మేవారితో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మొక్కే పంపకుండా, గడువు దాటి, మళ్లీ మళ్లీ కారణాలు చెబుతూ, అడిగితే బ్లాక్ చేస్తే అది మోసం.

కౌంటరు ఇవతల మనం

ఇలాంటి ఖాతాదారు మన దగ్గరకు వచ్చినప్పుడు "ముక్కూమొహం తెలియనివాళ్లకు ఎందుకు పంపారు?" అన్న మాట మన నోట రాకూడదు. ఆ మాటకు భయపడే చాలామంది ఇంట్లో కూడా చెప్పకుండా రోజులు గడుపుతారు. మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎప్పుడు పంపారు?", చేయాల్సిన మొదటి పని మన ఎదుటే 1930కి ఫోన్ చేయించడం. లావాదేవీ వివరాలు రాసివ్వడం ఆ తర్వాత. స్టేట్‌మెంట్లు, దరఖాస్తులు అరగంట ఆగినా ఫరవాలేదు.

ఇంటి దగ్గర మొక్కలు అమ్ముకునే మహిళలు ప్రతి శాఖ పరిధిలోనూ ఉంటారు. వారికి ఉద్యమ్ నమోదు ఉచితమని చెప్పండి. వ్యాపార పేరుతో కరెంటు ఖాతా, మర్చంట్ క్యూఆర్ ఇప్పించండి. కొనేవారికి ఆ పేరు కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది. అమ్మకాల పుస్తకం రాసుకోమని, రసీదులు దాచుకోమని చెప్పండి. 2,800 రూపాయల దగ్గర ఒక మనిషి పరువు నిలబెట్టినది అదేనని నేను చూశాను.

మొక్క వేరు పట్టేదాకా ఎన్ని వారాలైనా ఎదురుచూద్దాం. పార్శిల్ నంబరు కోసం మాత్రం రాసుకున్న గడువు దాటి ఒక్క రోజు కూడా వద్దు.